బుధవారం పదకొండూ యాభై

ఒంటిపూట బడులంటే పిల్లలకు పండగ. ఆ పండగ ఎవరి నెత్తిన పడుతుందో సర్కారుకు తెలియదు, బడివాళ్ళకు అక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది చీరల షాపులో, మూడో అంతస్తులో పట్టుచీరలు చూపించే రజిత నెత్తిన మాత్రం మార్చి నడిమధ్యలో సరిగ్గా వచ్చి పడింది.

ఆమె కూతురు సింధు కొత్తపేట సందులోని విద్యాంకుర్ ప్రైమరీ స్కూల్లో రెండో తరగతి. ఒంటిపూట రోజుల్లో బడి పన్నెండున్నరకు వదులుతారు. రజితకు లంచ్ పన్నెండుంబావుకు. షాపు మెట్లు దిగి రోడ్డు దాటడానికి మూడు నిమిషాలు, షేర్ ఆటో నిండడానికి నాలుగు, కొత్తపేట చేరడానికి ఎనిమిది. పిల్లను తీసుకుని రెండు సందుల అవతల ఇంటి ఓనరు సుమిత్రమ్మ దగ్గర వదిలి, మళ్ళీ ఆటో ఎక్కి ఒంటిగంటకల్లా చీరల ముందు కూర్చోవాలి. మరి తిండెప్పుడంటే, ఆటోలో ఒక అరటిపండు. సుమిత్రమ్మకు మోకాళ్ళ నొప్పులు, బడిదాకా నడవలేదు. భర్త క్రాంతికుమార్ ఎల్‌బీ నగర్ నుంచి విజయవాడకు ప్రైవేటు బస్సు తోలుతాడు, ఇంట్లో ఉన్న రోజు కంటే లేని రోజే ఎక్కువ.

ఈ పావుగంట లంచ్ మార్పు కూడా ఊరికే రాలేదు. ఫ్లోర్ మేనేజర్ భిక్షపతి బడి నుంచి కాయితం తెమ్మన్నాడు. బడి ఇన్‌ఛార్జ్ సూర్యప్రభ మేడమ్ మూడు రోజులు తిప్పుకుని, నాలుగో రోజు ఏదో ఆస్తి రాసిచ్చినంత కష్టంగా ఒక ముక్క రాసి గుండ్రటి ముద్ర కొట్టి ఇచ్చింది. "ప్రతి పనిదినమూ పన్నెండున్నరకు బడి వదలబడును." భిక్షపతి దాన్ని స్టాఫ్ బోర్డుకు గుండుసూదితో గుచ్చాడు.

సోమవారం, మంగళవారం అంతా అనుకున్నట్టే జరిగింది. బుధవారం పన్నెండూ ముప్పై ఒకటికి రజిత సందు మలుపు తిరిగేసరికి బడి గేటుకు తాళం వేసి ఉంది. గేటు బయట సిమెంటు మెట్టు మీద నలుగురు పిల్లలు. పక్కనున్న కిరాణా కొట్టు షట్టర్ దించి ఉంది. నీడ అనేది ఎక్కడా లేదు. సింధు స్కూలు బ్యాగు నెత్తి మీద పెట్టుకుని కూర్చుంది, ముఖం ఎర్రగా కందిపోయి చెంపల మీద ఉప్పు గీతలు కట్టాయి.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా బయటికి?"

"చాన సేపయింది. మీటింగని అందర్ని పంపిచ్చిన్రు."

గేటు ఊచల వెనక ఆయమ్మ అంజమ్మ నిలబడి ఉంది. ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి నీళ్ళ సీసా పిల్లలకు అందిస్తూ, ఖాళీ అయ్యాక తీసుకుని లోపలికి పోయి నింపుకొస్తూ, ఆ పనే చేస్తోంది పాపం. వయసు అరవై ఉంటుంది. మెడలో తాళంచెవుల గుత్తి.

"తాళంచెవి నీ మెడలనే ఉన్నది కదా అంజమ్మా. లోపలికి తీసుకోరాదూ?" అంది రజిత.

"పదకొండు యాభైకి వదిలినం బిడ్డా. పన్నెండు కొట్టినంక ఒంటిగంటన్నర దాక గేటు తియ్యద్దన్నరు. నేను తీస్తే నా నౌకరి పోతది."

"పదకొండు యాభైకి వదుల్తరని ఎవరు చెప్పిన్రు మాకు?"

"ఫోన్ల వచ్చిందట కద."

వచ్చింది. పొద్దున పదీ పదికి. షాపులో పది గంటలకే ఫోన్లన్నీ లాకర్‌లో పెట్టి తాళంచెవి భిక్షపతికి ఇవ్వాలి. లంచ్‌కు దిగేటప్పుడు ఫోను తీసుకుంది కాని చూసే తీరిక ఎక్కడిది? ఇప్పుడు తెరిచి చూసింది. "ఉపాధ్యాయుల సమావేశం కారణంగా నేటి నుండి ప్రతి బుధవారం పదకొండూ యాభైకి బడి వదలబడును. పిల్లలను సమయానికి తీసుకువెళ్ళవలెను. ఆ తర్వాత యాజమాన్యం బాధ్యత వహించదు." కింద సూర్యప్రభ పేరు.

ఆ రాత్రి సింధు రెండుసార్లు కక్కుకుంది. తెల్లారి ఒళ్ళు కాలిపోయింది. దవాఖానలో ఎండదెబ్బ అన్నారు. రజిత ఒకరోజు సెలవు పెట్టింది, పెట్టినందుకు భిక్షపతి మాటలు పడింది.

శనివారం పిల్లను తీసుకోవడానికి పోయినప్పుడు సూర్యప్రభ గదిలోకి వెళ్ళింది. ఆవిడ కంప్యూటర్ నుంచి కళ్ళు తిప్పలేదు. కాకినాడ వైపు నుంచి వచ్చి పాతికేళ్ళయినా ఆవిడ యాస ఆవిడదే.

"ఏంటమ్మా?"

"మేడమ్, బుధవారం మా పాప నలబై నిమిషాలు ఎండల కూసున్నది. జ్వరమొచ్చింది."

"మెసేజ్ పెట్టాం కదా. చూసుకోవాల్సిన బాధ్యత ఎవరిది?"

"మా షాపుల ఫోన్లు పెట్టుకోనియ్యరు మేడమ్. పన్నెండున్నర అని మీరే కాయితం రాసిచ్చిన్రు. దాన్ని పట్టుకొనే నేను లంచ్ మార్చుకున్న."

"అది జనరల్ టైమింగ్. బుధవారం స్పెషల్."

"పిల్లల్ని లోపల కూసోబెడితే ఏమయితది మేడమ్? మీటింగ్ మీ గదిల, వాళ్ళు వరండాల. సప్పుడు చెయ్యకుండ కూసుంటరు."

అప్పుడు సూర్యప్రభ కళ్ళు తిప్పింది. రజితను పైనుంచి కిందిదాకా, షాపు యూనిఫామ్ చీరను, దాని మీద పేరు బిళ్ళను చూసింది. "చూడమ్మా, మూడొందల మంది పిల్లలున్నారు. ఒక్కొక్కళ్ళ డ్యూటీకి తగ్గట్టు నేను బడి నడపలేను. కుదరకపోతే వేరే ఏర్పాటు చేసుకో. వేరే బడి కూడా చూసుకోవచ్చు." మళ్ళీ కంప్యూటర్ వైపు తిరిగింది.

బయటికి వచ్చాక అంజమ్మ ఆమెను నల్లా దగ్గరికి తీసుకుపోయి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. మీటింగూ లేదు, పాడూ లేదు. కరస్పాండెంట్ సాంబమూర్తి గారికి ఎవరో పంతులు చెప్పాడట, బుధవారంనాటి రాహుకాలంలో బడి గేటు తీస్తే అడ్మిషన్లు పడిపోతాయని. బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర. మామూలు రోజుల్లో ఆ సమయంలో పిల్లలు లోపల అన్నం తింటూ ఉంటారు కాబట్టి గేటు తీసే పనే ఉండదు. ఒంటిపూట వచ్చేసరికి బడి వదిలే సమయం పోయి పోయి అందులో పడింది. అందుకని పన్నెండుకు పది నిమిషాల ముందే పిల్లల్ని బయటికి తోసి తాళం వేస్తున్నారు.

"పిల్లలు లోపలుంటే వాళ్ళ అమ్మనాయినలు ఒచ్చినప్పుడు గేటు తియ్యాలె కద. అందుకే బయట ఉంచుతున్నరు" అంది అంజమ్మ. "నాతోని విన్ననని అనకు బిడ్డా."

రజితకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దేవుణ్ణి, దినాన్ని ఆమె కూడా నమ్ముతుంది. పోచంపల్లిలో వాళ్ళ నాయిన మంచిరోజు చూడనిది మగ్గం మీదికి పడుగు ఎక్కించేవాడు కాదు. కాని ఆ మంచిరోజు కోసం తన పనే ఆపుకునేవాడు, ఇంకొకరి పిల్లను ఎండలో కూర్చోబెట్టలేదు.

మంగళవారం షాపు మూసే ముందు భిక్షపతి దగ్గర నిలబడింది. "సార్, రేపు ఒక్కరోజు లంచ్ పదకొండున్నరకు ఇయ్యుండ్రి. బడి జల్ది ఇడుస్తున్నరు."

"మొన్ననే కద మార్చుకున్నవ్. నీ బిడ్డ బడిని చూసుకుంట షాపు నడపాల్నా?"

"ప్రతి బుధవారమే సార్. మిగిలిన రోజులు ఎప్పటి లెక్కనే."

భిక్షపతి చెడ్డవాడని కాదు. పైవాళ్ళు అతన్ని తొక్కుతారు, అతను కిందివాళ్ళను తొక్కుతాడు. రిజిస్టర్ మూసి అన్నాడు. "కస్టమర్ ముందట లేకుంటెనే పో. కస్టమర్ కూసున్నదంటే కదలద్దు. మధ్యల లేచినవంటే పట్టు సెక్షన్ మర్చిపో. గోడౌన్ల స్టిక్కర్లు అంటిచ్చుకుంట కూసో."

ఆ మాట ఆమెకు తగలవలసిన చోటే తగిలింది. నాలుగేళ్ళు కింది అంతస్తులో ఫాల్స్, జాకెట్ ముక్కలు అమ్మి, పట్టుచీరలు పరిచి చూపించే ఈ తెల్లపరుపు మీదికి వచ్చింది. చీర వెనక్కి తిప్పి, "చూడుండ్రి, రెండు దిక్కుల రంగు ఒక్కతీరుగ ఉన్నది, ఇది అద్దకం కాదు నేత" అని చూపిస్తే కొనేవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. ఆ పని ఆమెకు ఇష్టం. ఇంట్లో చేతికి వచ్చిన ఏకైక విద్య అది.

బుధవారం పొద్దున పదకొండూ ఇరవైకి రజిత ముందు ఎవరూ లేరు. చీరలన్నీ మడతలు సర్ది అరల్లో పెట్టింది. గోడ గడియారం చూసి లేవబోయింది. లిఫ్ట్ తలుపు తెరుచుకుని సూర్యప్రభ మేడమ్, వెనక ఇద్దరు టీచర్లు దిగారు. అందులో ఒకామె సింధు క్లాస్ టీచర్.

"యాన్యువల్ డే కి మా స్టాఫ్‌కి ఇరవై ఎనిమిది చీరలు కావాలి. అన్నీ ఒకటే రంగు. పోచంపల్లి డిజైన్" అంది సూర్యప్రభ భిక్షపతితో.

భిక్షపతి ముఖం వెలిగిపోయింది. "కూసోండి మేడమ్. రజితా, మేడమ్‌కు చూపియ్యి. పోచంపల్లి సంగతి ఈమెకు తెలిసినంత ఈ షాపుల ఎవ్వలికి తెల్వది."

రజిత కూర్చుంది. సూర్యప్రభ ఆమెను గుర్తుపట్టింది, గుర్తుపట్టినట్టు కనబడనివ్వలేదు. చెప్పులు విడిచి పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "మెరూన్‌లో చూపించమ్మా" అంది. మెరూన్ అయ్యాక నెమలికంఠం రంగు, అదయ్యాక ఆకుపచ్చ. రజిత చేతులు చీరలు విప్పుతున్నాయి, కళ్ళు గడియారం మీద ఉన్నాయి. పదకొండూ నలభై అయింది.

"మేడమ్," అంది గొంతు తగ్గించి, "ఇయ్యాల మీటింగ్ అన్నరు కదా."

"ఇదీ మీటింగే" అంది సూర్యప్రభ. "ఆ పైది తియ్యి."

పదకొండూ యాభై. ఇప్పుడు గేటు తీసి పిల్లల్ని బయటికి పంపుతూ ఉంటారు. రజిత ఒక చీర కొంగు పట్టుకుని ఆగిపోయింది. "మేడమ్, ఒక్క ఫోన్ చెయ్యుండ్రి అంజమ్మకు. మా సింధును గేటు లోపల కూసోబెట్టుమనండి. నేను పన్నెండున్నరకు పోయి తీసుకుంట. మీరు ఈడనే ఉన్నరు, నేను మీ ముందటనే ఉన్న. ఎట్ల పోవాలె నేను?"

"నీ ఒక్కదాని కోసం రూల్ మార్చాలా? మొన్న చెప్పాను కదా, వేరే ఏర్పాటు చేసుకోమని." పక్కనున్న క్లాస్ టీచర్ తల వంచుకుని చీర అంచు చూడసాగింది. "కానీ, తొందరేం లేదు. బిల్లు ఎలాగూ ఒంటిగంటన్నర దాటాకే చేయించాలి. చూడ్డానికేముంది, చూస్తూనే ఉంటాం."

రజిత అప్పుడు అర్థం చేసుకుంది. తన కూతుర్ని బయటికి తోసిన గంటన్నరే ఈవిడను ఏసీలో, మెత్తటి పరుపు మీద, చల్లటి నీళ్ళ గ్లాసు పక్కన కూర్చోబెట్టింది. ఒకే రాహుకాలం ఆమెకు ఒక తీరు, సింధుకు ఒక తీరు. అయినా ఇంకో నాలుగు చీరలు విప్పింది. గోడౌన్ కళ్ళ ముందు ఆడింది, కిరాయి ఇల్లు ఆడింది. తర్వాత పోయిన బుధవారం రాత్రి బకెట్ మీద వంగిన పిల్ల ముఖం గుర్తుకొచ్చింది, ఇక ఏదీ ఆడలేదు.

పన్నెండూ పదికి ఆమె చేతిలో ఉన్న చీర సగం విప్పి ఉంది. ఆ సగం చీరను సూర్యప్రభ ఒళ్ళో పెట్టి లేచింది.

"ఇది పట్టుకోండి మేడమ్. నేను నా బిడ్డ కాడికి పోయొస్త."

వెనక నుంచి భిక్షపతి "రజితా" అని ఒకసారి, "రజితా" అని ఇంకొంచెం గట్టిగా ఇంకోసారి పిలిచాడు. ఆమె లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగింది.

బడి ముందు ఆ నలుగురు పిల్లలే ఉన్నారు. ఈసారి గేటు ఊచల్లోంచి ఒక నల్ల గొడుగు బయటికి వచ్చి ఉంది. లోపల నిలబడిన అంజమ్మ చేతులు రెండూ బయటికి చాపి గొడుగు పిల్లల మీద పట్టుకుంది. ఆమె నెత్తి మీద మాత్రం ఎండే. చెయ్యి నొప్పెట్టినప్పుడల్లా గొడుగు వంగుతోంది, మళ్ళీ నిలబెడుతోంది.

"తీసుకపో బిడ్డా, జల్ది తీసుకపో" అంది అంజమ్మ.

రజిత సింధును ఆటో ఎక్కించింది. ఇంటి వైపు పోయే ఆటో కాదు, దిల్‌సుఖ్‌నగర్ పోయే ఆటో.

"సుమిత్రమ్మమ్మ దగ్గరికి పోమా అమ్మా?"

"పోం. ఇయ్యాల నా కాడ కూసుందువు."

షాపు మూడో అంతస్తుకు చేరేసరికి పన్నెండూ నలభై ఐదు. సూర్యప్రభ అక్కడే ఉంది. ఇంకో సేల్స్ అమ్మాయి చీరలు తీసి చూపిస్తోంది. పక్కన పరుపు మీద వేరే ఇద్దరు ముగ్గురు కస్టమర్లు చేరారు. భిక్షపతి ఏదో అనబోయాడు. రజిత అతని వైపు చూడకుండా సింధు బూట్లు విప్పించి, బ్యాగుతో సహా తీసుకుపోయి సూర్యప్రభ మేడమ్ ఎదురుగా కూర్చోబెట్టింది.

సింధు లేచి నిలబడింది. బడిలో నేర్పిన అలవాటు. "గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడమ్. గుడ్ ఆఫ్టర్‌నూన్ టీచర్." చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయింది, మెడ వెనక ఎర్రగా కమిలింది. చుట్టూ చూసి అడిగింది. "మీటింగ్ ఇక్కడనా మేడమ్?"

క్లాస్ టీచర్ తన ముందున్న నీళ్ళ గ్లాసు పిల్ల చేతికి ఇచ్చింది. సింధు గటగటా తాగేసింది.

పక్కన కూర్చున్న కస్టమర్ ఒకామె, ముప్పై ఏళ్ళుంటాయి, పిల్లను చూసి రజితను అడిగింది. "గిట్ల మాడిపోయిందేంది పాప?"

"బడి ముంగట కూసున్నది అక్కా. పదకొండు యాభైకి బయటికి పంపి గేటుకు తాళమేసిన్రు. ఇంక ముగ్గురు ఆడనే ఉన్నరు, ఇప్పుడు గూడ."

"మాది మీర్‌పేట. జూన్‌ల మా పాపను ఒకటో తరగతిల ఎయ్యాలని బడులు చూస్తున్నం" అంటూ ఆమె ముందుకు వంగి సింధు మెడలోని ఐడీ కార్డు చేత్తో పట్టుకుని చదివింది. పైకే చదివింది. "విద్యాంకుర్ ప్రైమరీ స్కూల్, కొత్తపేట." చదివాక సూర్యప్రభ మెడలోని కార్డు కూడా చూసింది. అదే రంగు తాడు, అదే చెట్టు గుర్తు.

సూర్యప్రభ చేతిలోని చీర పక్కన పెట్టింది. తర్వాత ఫోన్ తీసింది. "అంజమ్మా, గేటు తియ్యి. పిల్లల్ని లోపల కూర్చోబెట్టు."

అంజమ్మకు ఫోనులో సరిగ్గా వినబడదు, అందుకని అరిచినట్టు మాట్లాడుతుంది. ఆ గొంతు తెల్లపరుపు మీద కూర్చున్న వాళ్ళందరికీ వినబడింది. "ఇంక రాహుకాలం పోలేదు కద మేడమ్. గేటు తీస్తే అడ్మిషన్లు పోతయని సార్ తిడ్తడు."

"తియ్యమంటే తియ్యి" అని ఫోన్ పెట్టేసింది సూర్యప్రభ.

మీర్‌పేట ఆమె "అట్లనా" అని మాత్రం అంది. కార్డును జాగ్రత్తగా పిల్ల ఛాతీ మీద సరిచేసి పెట్టి, తన చీరల వైపు తిరిగింది.

ఒంటిగంటా ముప్పై రెండుకు బిల్లు అయింది. ఇరవై ఎనిమిది చీరలు, నేతవి కాదు, అద్దకానివి. వెళ్ళేముందు సూర్యప్రభ భిక్షపతిని పక్కకు పిలిచి మాట్లాడింది. ఏం మాట్లాడిందో రజితకు వినిపించలేదు, వినవలసిన అవసరమూ లేకపోయింది. లిఫ్ట్ కిందికి దిగాక భిక్షపతి వచ్చి, పరుపు మీద నిద్రపోయిన సింధును ఒకసారి చూసి, "రేపటి సంది గోడౌన్" అన్నాడు. తర్వాత ఏదో సిగ్గుపడ్డవాడిలా, "నేను ముందుగాలనే చెప్పిన కద" అన్నాడు. రజిత తల ఊపింది. విప్పి పడేసిన చీరలన్నీ ఒక్కొక్కటే పాత మడతల మీదే మడిచి, అరల్లో పెట్టి, అప్పుడు పిల్లను లేపింది.

గోడౌన్ షాపు కింది సెల్లార్‌లో ఉంటుంది. కిటికీ లేదు. అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు, స్టిక్కర్ల మిషను. చీరను విప్పే పని లేదు, ఎవరికీ చూపించే పని లేదు. కవరు మీద స్టిక్కర్ అంటించి పక్కన పడేయడమే. మొదటి రోజు ఆమె ఒకటి రెండుసార్లు కవర్లోంచి చీర అంచు బయటికి లాగి వెనక్కి తిప్పి చూసుకుంది, చూపించడానికి ఎవరూ లేక మళ్ళీ లోపలికి తోసింది. ఆ దిగులు ఉంది, లేదనడం అబద్ధం. ఒక్కటి మాత్రం ఉంది. అక్కడ ఫోను లాకర్‌లో పెట్టమని అడిగేవాడు లేడు, ఎప్పుడు తిన్నావని చూసేవాడూ లేడు.

కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం బడి గ్రూపులో వచ్చిన మెసేజ్ వచ్చిన నిమిషానికే చదివింది. "చిన్నారుల ఆరోగ్యం దృష్ట్యా, యాజమాన్యం పెద్దమనసుతో తీసుకున్న నిర్ణయం మేరకు, ఇకపై బుధవారం కూడా పన్నెండున్నరకే బడి వదలబడును. తల్లిదండ్రులు వచ్చేవరకు పిల్లలు బడి లోపలే ఉంటారు." కింద సూర్యప్రభ పేరు. దాని కింద వరసగా దండాలు. ధన్యవాదాలు మేడమ్. మీది గొప్ప మనసు మేడమ్. పూలగుత్తుల బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు. ఆ మెట్టు మీద కూర్చున్న మిగతా ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు కూడా పెట్టారు. రజిత చూసింది, ఫోను పక్కన పెట్టి స్టిక్కర్లు అంటించింది.

సోమవారం సాయంత్రం సింధు డైరీ తెచ్చి ముందు పెట్టింది. ముఖం ముడుచుకుని ఉంది.

"అమ్మా, అందరు మేడమ్‌కు దండాలు పెట్టిన్రట. నువ్వొక్కదానివే పెట్టలేదట. ఇయ్యాల మేడమ్ క్లాసులకొచ్చి నన్ను లేపి నిలబెట్టిన్రు."

డైరీలో ఎర్ర సిరాతో ఉంది. "సింధు తల్లి బుధవారం సమయం మార్పు సందేశానికి స్పందించలేదు. చదివినట్టు, సమ్మతించినట్టు రాసి సంతకం చేయవలెను." కింద తల్లిదండ్రుల సంతకానికి గీత గీసి ఉంది.

రజిత ఆ ఎర్ర అక్షరాలు చదివింది. సింధు పక్కన నిలబడి, "రాయి అమ్మా, లేకుంటే మల్ల లేపుతరు" అంది. రజిత పిల్ల దగ్గర పెన్ను తీసుకుంది. సమ్మతి అన్న మాట రాయలేదు, ధన్యవాదాలు అన్న మాటా రాయలేదు. గీత మీద నెమ్మదిగా, గుండ్రంగా, పిల్ల కూడా చదవగలిగేట్టు రాసింది.

"బుధవారం పన్నెండున్నరకు వస్తాను. గేటు తీసి ఉంచండి. రజిత."